విస్మృత సామ్రాజ్యమును వెదకిన రాబర్ట్ సూయెల్

తుంగభద్రానదీ తీరమున హంపి యను గ్రామము కలదు. ఆ గ్రామము చుట్టును కొన్ని మైళ్ల దూరమువరకు కూలిన కోటగోడలు, పాడువడిన దేవాలయములు, ఏనుగుల శాలలు, రాతి కాలువలు కానవచ్చును. విజయనగర సామ్రాజ్యమునకు రాజధానియై దక్షిణాపథమున వెలుగొందిన మహానగరమునకు మిగిలిన గుఱుతు లివియే. 1565వ సంవత్సరము జనవరి మాసమున జరిగిన తళ్లికోట యుద్ధమున అళియ రామరాయలు మడిసెను. పిమ్మట శత్రుసైన్యములు నగరమున బ్రవేశించి, మాసముల తరబడి దోచి, కాల్చి, పడగొట్టెను. జనులు వలసపోయిరి. వీథులయందు ముండ్లపొదలు మొలచెను.

అయినను ఆంధ్రులు కృష్ణదేవరాయలను మఱచిరా? మఱువలేదు. రాయల సభను గూర్చియు, తిమ్మరుసు మంత్రి బుద్ధిబలమును గూర్చియు, తెనాలి రామకృష్ణుని చమత్కారములను గూర్చియు ముసలివారు పిల్లలకు కథలు చెప్పుచునే యుండిరి. కాని కథ వేఱు, చరిత్ర వేఱు. ఏ రాజు ఏ సంవత్సరమున సింహాసన మెక్కెను? ఏ యుద్ధ మే దినమున జరిగెను? నగర మెట్లుండెను? ప్రజ లేమి తినిరి, ఏమి పండించిరి? ఈ ప్రశ్నలకు సరియైన సమాధానములు పందొమ్మిదవ శతాబ్దమున సామాన్యులకు దొరకకుండెను. ఆ సమాధానములను వెదకుటకు రాతిమీది శాసనములను, ఆకాశమునందలి చంద్రుని గతిని, దూరదేశపు పోర్చుగీసు వ్రాతప్రతులను ఒక్కచోటికి దెచ్చిన వాడు రాబర్ట్ సూయెల్.

సూయెల్ 1845వ సంవత్సరమున జన్మించిన ఆంగ్లేయుడు. అప్పుడు మన తెలుగు మండలములు పెక్కులు చెన్నపురి రాజధానిలో జేరియుండెను. సూయెల్ ఆ రాజధానియందలి సివిల్ సర్వీసున జేరి ఉద్యోగము చేసెను. శిస్తు వసూళ్లు, వ్యాజ్యములు, క్షామ నివారణము, ఇట్టి పనులతో నాటి అధికారులకు దినమంతయు గడచిపోవుచుండెను. సూయెల్ ఆ పనులు చేయుచునే, తా నున్న దేశము యొక్క పూర్వచరిత్ర నెఱుగవలెనని తలంచెను. తీరిక సమయమును గుఱ్ఱపు పందెములలోను, వేటలోను గడపక, పాత గుళ్లను, శాసనములను పరిశీలించుచు గడపెను.

కృష్ణా మండలమున నుద్యోగము చేయుచున్న కాలమున, 1877వ సంవత్సరమున, ఆయన అమరావతి స్తూపము కడ త్రవ్వకములు జరిపెను. అంతకు పూర్వమే మెకంజీ దొరయు, వాల్టర్ ఎలియట్ దొరయు ఆ దిబ్బను శోధించి యుండిరి. సూయెల్ మఱికొన్ని సున్నపురాతి శిల్పములను వెలికి దీసి, 1880వ సంవత్సరమున తన నివేదికను ప్రకటించెను. నేటి పురావస్తు శాస్త్రజ్ఞులు మట్టి నొక్కొక్క పొరగా దొలగించి, ఏ వస్తువు ఏ పొరలో దొరకెనో గుఱుతు పెట్టుకొందురు. నాటి త్రవ్వకములలో నా జాగ్రత్త లేకుండెను. అందుచే అమరావతి చరిత్రలో కొంత భాగము మనకు శాశ్వతముగ నష్టమైనది. ఒక్కసారి చెదరిన మట్టిపొరను మరల బేర్చుట ఎవ్వరి తరమును గాదు.

తరువాత సూయెల్ చేసిన పని యెంతయు ఓపికతో గూడినది. చెన్నపురి రాజధానిలోని ప్రతి మండలమందును ఏ యే గ్రామమున ఏ యే ప్రాచీన దేవాలయము, కోట, శాసనము కలదో పట్టికలు వ్రాయు బాధ్యతను ప్రభుత్వము ఆయనకు నప్పగించెను. ఆ పట్టికలలో మొదటి సంపుటము 1882లోను, రెండవ సంపుటము 1884లోను వెలువడెను. రెండవ సంపుటమున శాసనముల పట్టికలతోపాటు దక్షిణదేశమును పాలించిన రాజవంశముల సంగ్రహ చరిత్రను గూడ చేర్చెను. ఈ పట్టికలలో తప్పులును కలవు. కాని వెదకబోవు వానికి దారి చూపు మొదటి దీపము లవియే యైనవి.

శాసనములను చదువునపుడు సూయెల్‌నకు ఒక చిక్కు ఎదురయ్యెను. మన శాసనములలో కాలమును శకవర్షము, ప్రభవాది సంవత్సరము, మాసము, పక్షము, తిథి, వారము అను వరుసలో జెప్పుదురు. దానిని క్రీస్తు శకములోనికి మార్చుట యెట్లు? పంచాంగ గణితము తెలియనిదే అది సాధ్యము గాదు. సూయెల్ ఆ గణితమును శ్రద్ధతో నేర్చెను. మహారాష్ట్ర దేశపు జ్యోతిర్గణిత పండితుడగు శంకర బాలకృష్ణ దీక్షితునితో గలిసి భారతీయ పంచాంగమును గూర్చి ఒక పెద్ద గ్రంథమును రచించి, 1896వ సంవత్సరమున ప్రకటించెను. శాసనములోని తిథియు, వారమును ఒండొంటితో సరిపడునో లేదో దాని సాయమున గణించి చూడవచ్చును. సరిపడనిచో చెక్కినవాడో, చదివినవాడో పొరపడె ననుట స్పష్టము. ఈ విద్య యే తరువాత సూయెల్‌నకు గొప్ప యాయుధమైనది.

విద్యార్థులారా! ఇప్పుడు మన కథ తుంగభద్ర నుండి ఐరోపా ఖండమునకు బోవును. పారిసు నగరమునందలి జాతీయ గ్రంథాలయమున తోలు అట్టలతో గూడిన పాత వ్రాతప్రతు లెన్నియో కలవు. వానిలో పోర్చుగీసు భాషలో వ్రాయబడిన రెండు కథనములు ఒకే సంపుటమున నుండెను. లిస్బను నగర పండితుడగు డావిడ్ లోపెజ్ వానిని గుర్తించి, 1897వ సంవత్సరమున అచ్చు వేయించెను. వాస్కో డ గామా భారతదేశమునకు వచ్చి నాలుగు వందల యేండ్లు నిండుచున్న సందర్భమున వెలువడిన గ్రంథములలో నిది యొకటి. బిస్నగ రాజుల చరిత్ర అని దానికి పేరు. బిస్నగ యన మన విజయనగరమే.

ఆ కథనములలో నొకటి డొమింగో పేస్ అను వానిది. అతడు సుమారు 1520వ సంవత్సర ప్రాంతమున, శ్రీకృష్ణదేవరాయలు పాలించుచుండగా, విజయనగరమునకు వచ్చి కన్నులార చూచిన సంగతులను వ్రాసెను. రెండవది ఫెర్నావ్ నూనిజ్ అను గుఱ్ఱముల వర్తకునిది. అతడు అచ్యుతదేవరాయల కాలమున, సుమారు 1535వ సంవత్సర ప్రాంతమున, మూడేండ్లు ఆ నగరమున నుండెను. ఆ దినములలో అరబ్బు దేశపు గుఱ్ఱములు గోవా రేవునకు దిగి, అచటినుండి రాజధానికి బోవుచుండెను. గోవా నగరమునందలి యొకడు ఈ రెండు కథనములను జతపరచి ఐరోపాకు బంపెను. పోర్చుగీసు చరిత్రకారుడగు బారోస్ కొఱకే అవి పంపబడి యుండునని సూయెల్ ఊహించెను.

అచ్చయిన ఆ పోర్చుగీసు గ్రంథము సూయెల్ చేతికి వచ్చెను. అప్పటికే ఆయన శాసనముల నెఱిగినవాడు. పంచాంగ గణితము నెఱిగినవాడు. హంపి శిథిలము లున్న బళ్లారి మండలమున అధికారము నెఱపి, ఆ ఱాళ్ల నడుమ తిరిగినవాడు. ఆ రెండు కథనములను ఇంగ్లీషు భాషలోనికి మార్చుటకు బూనుకొనెను. పోర్చుగీసు పత్రములను బాగుగ నెఱిగిన డొనాల్డ్ ఫెర్గూసన్ వంటి పండితుల నడిగి సందేహములు దీర్చుకొనుటకు వెనుదీయలేదు.

భాష తెలిసినంత మాత్రమున పాతగ్రంథ మర్థమగునా? మొదటి చిక్కు పేళ్లతో వచ్చినది. పరభాషీయుని చెవికి మన పేరు ఒక విధముగ వినబడును. వాని నోట మఱియొక విధముగ బలుకబడును. వాని లిపిలో ఇంకొక విధముగ నిలుచును. ఇది పోర్చుగీసు వారికే గాదు, మనకును గలదు. హైదరాబాదు నగరపు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగర్‌నకు సమీపమున మూసారాంబాగ్ అను పేట యున్నది. ఆ పేరులో మూసాయు లేడు, రాముడును లేడు. నిజాము అలీఖాను కొలువున సేనానిగా నుండి 1798వ సంవత్సరమున మరణించిన రేమన్ అను ఫ్రెంచివాని పేరు ముస్యూ రేమన్ అని పలుకబడగా, జనుల నోట అది మూసారాం అయ్యెను. అతని తోట మూసారాంబాగ్ అయ్యెను. పేరును మాత్రమే చూచి అర్థము చెప్పబూనిన వాడు ఇచట తప్పక దారి తప్పును.

సూయెల్ ఎదుట నట్టి పేళ్లు వందలకొలది నిలిచెను. సాల్వతినియ అని యుండెను. అది సాళువ తిమ్మరుసు. ఇదల్కాన్ అని యుండెను. అది విజాపుర సుల్తానగు ఆదిల్ ఖాను. కోటమలూకో యనగా గోలకొండ నేలిన కుతుబుల్ముల్కు. కొందెపల్లిర్ అనగా కృష్ణాతీరపు కొండపల్లి. దిగారి యనగా నెల్లూరు సీమలోని ఉదయగిరి. రాచోల్ అనగా రాయచూరు. కాని గోవాకు సమీపమునను రాచోల్ అను కోట యొకటి కలదు. ఆ మాట కనబడినప్పుడెల్లను ఏ కోటను గూర్చి చెప్పుచున్నారో సందర్భమును బట్టి తేల్చుకొనవలెను. సూయెల్ దారులను, నదులను, దూరములను లెక్కించి, ప్రక్క వాక్యములను మరల మరల చదివి, ఒక్కొక్క పేరునకు అసలు రూపము వెదకెను.

రెండవ చిక్కు కాలమునకు సంబంధించినది. కృష్ణదేవరాయల విజయములలో రాయచూరు యుద్ధము మిక్కిలి గొప్పది. ఆ యుద్ధమున పోర్చుగీసు వాడగు క్రిస్తోవావ్ డి ఫిగెరేదో తన తుపాకివాండ్రతో రాయలకు సాయపడెను. నూనిజ్ ఆ యుద్ధమును విపులముగ వర్ణించి, అది 1522వ సంవత్సరము మే మాసమున, క్రొత్త చంద్రుని దినమున, శనివారము నాడు జరిగినదని వ్రాసెను. సంవత్సరము స్పష్టముగ నున్నది గదా, ఇంక సందేహ మేల యని యెవరైన దలంచవచ్చును. సూయెల్ అట్లు తలంపలేదు. పంచాంగ గణితమును దీసి లెక్క కట్టెను. 1522వ సంవత్సరము మే మాసమున అమావాస్య 25వ తేదీ ఆదివారము నాడు వచ్చినది. శనివారము నాటికి క్రొత్త చంద్రుడు కానరాడు.

అట్లయిన తప్పు సంవత్సరములో నున్నదా, వారములో నున్నదా? ఇచట సూయెల్ గ్రంథములోని మఱియొక చిన్న సంగతిని బట్టుకొనెను. రాయలు శుక్రవారము నాడే శత్రువును దాక దలంచెననియు, శుక్రవారము మంచిది కాదని కొలువువారు విన్నవింపగా శనివారము వఱకు ఆగెననియు నూనిజ్ వ్రాసియుండెను. ఇట్టి ముచ్చట యుద్ధమును చూచిన వారి జ్ఞాపకమున నిలుచునట్టిది. కావున శనివారము తప్పుగాదు. సంవత్సరపు టంకెయే తప్పై యుండవలెను. సూయెల్ మరల లెక్కించెను. 1520వ సంవత్సరము మే మాసమున అమావాస్య 17వ తేదీ గురువారము నాడు వచ్చినది. నెలపొడుపు 19వ తేదీన కానవచ్చినది. ఆ దినము శనివారమే!

అంతటితో నాయన తృప్తి నొందలేదు. లెక్క సరిపోయినంత మాత్రమున సంగతి నిజమని చెప్పరాదు. మఱియొక సాక్షి యుండవలెను. పోర్చుగీసు వారి చరిత్రలను వెదకగా నా సాక్షి దొరకెను. రాయచూరు యుద్ధానంతరము గోవా చుట్టునుగల భూములను పోర్చుగీసు వారు ఆక్రమించిరి. అప్పుడు వారి గవర్నరగు డియోగో లోపెజ్ డి సెక్వేరా ఎఱ్ఱసముద్రమునకు నౌకలతో బోయియుండెనని ఆ చరిత్రలు చెప్పును. ఆయన ఆ యాత్రకు బోయినది 1520వ సంవత్సరముననే. 1522 నాటికి ఆ పదవిలో వేఱొక డుండెను. ఈ విధముగ నాకాశమునందలి చంద్రుడును, సముద్రముమీది నౌకలును ఒకే సంవత్సరమునకు సాక్ష్యమిచ్చినవి. రాయచూరు యుద్ధము 1520 మే 19వ తేదీన జరిగెనని సూయెల్ నిర్ణయించెను. ఆ తేదీయే నేటికిని పెక్కు చరిత్రగ్రంథములలో కానవచ్చుచున్నది.

మూడవ చిక్కు నమ్మకమునకు సంబంధించినది. నూనిజ్ చెప్పిన లెక్క ప్రకారము రాయచూరునకు నడచిన రాయల సేనలో 703,000 కాల్బలమును, 32,600 గుఱ్ఱములును, 551 ఏనుగులును కలవు. ఇది నిజమా, అతిశయోక్తియా? సూయెల్ దానిని నవ్వి త్రోసివేయలేదు. కన్నులు మూసికొని యొప్పుకొననులేదు. ఇతర యాత్రికులు చెప్పిన లెక్కలతోడను, ఫెరిష్తా వ్రాసిన పారశీక చరిత్రతోడను పోల్చి చూచి, చదువరుల యెదుట నుంచెను. నూనిజ్ తనకంటె పూర్వులైన రాజులను గూర్చి వ్రాసిన వంశక్రమమున పొరపాట్లు కలవని శాసనములతో పోల్చి చూపెను. చూచి వ్రాసిన దానికిని, విని వ్రాసిన దానికిని గల భేదమును సూయెల్ ఎన్నడును మఱువలేదు.

1900వ సంవత్సరమున సూయెల్ గ్రంథము లండను నగరమున వెలువడెను. విస్మృత సామ్రాజ్యము అను అర్థము వచ్చునట్లు దానికి పేరు పెట్టెను. మొదటి భాగమున విజయనగర చరిత్రయు, తరువాత పేస్, నూనిజ్‌ల కథనముల అనువాదమును కలవు. దానిని చదివినవారికి మహానవమి యుత్సవముల వైభవము, రత్నములమ్ము అంగడి వీథులు, రాయలు కట్టించిన చెఱువు కనులయెదుట నిలిచెను. తెల్లవాఱక మునుపే లేచి, నువ్వుల నూనె త్రాగి, ఒడలికి నూనె పట్టించుకొని, బరువు లెత్తి, కత్తి త్రిప్పి, మల్లులతో పెనగి, గుఱ్ఱమెక్కి తిరుగు రాయలు కానవచ్చెను. ఆయన ముఖమున మశూచికపు మచ్చలుండెనని గూడ పేస్ వ్రాసెను. ఆస్థానకవి రాజును వర్ణించునపుడు మచ్చలను జెప్పడు. పరదేశి చెప్పెను. పరదేశి వ్రాతవలన గలుగు లాభ మిదియే.

అయినను సూయెల్ గ్రంథమున లోపములు లేకపోలేదు. ఆయన పోర్చుగీసు, పారశీక గ్రంథములకును, శాసనములకును ఇచ్చిన స్థానమును తెలుగు, సంస్కృత సాహిత్యములకు ఇయ్యలేదు. విజయనగర చరిత్ర నంతటిని రెండు మతముల పోరాటముగ జూచె ననియు, ఆ చూపు సరిగాదనియు తరువాతి చరిత్రకారులు విమర్శించిరి. విజయనగరపు కొలువున ముసల్మాను సైనికులును, సుల్తానుల కొలువున హిందూ ఉద్యోగులును ఉండిరని వారు చూపిరి. ఈ కొఱతలను దీర్చుటకు మన పండితులు పూనుకొనిరి. 1919వ సంవత్సరమున కృష్ణస్వామి అయ్యంగారు సాహిత్యమునందలి ఆధారములను గూర్చి మద్రాసు విశ్వవిద్యాలయము పక్షమున నొక సంపుటము వెలువరించిరి. రాయవాచకము వంటి తెలుగు గ్రంథముల కందు చోటు దొరకెను. నేలటూరి వెంకటరమణయ్యగారు, నీలకంఠశాస్త్రిగారు 1946వ సంవత్సరమున మఱికొన్ని యాధారములను ప్రకటించిరి. ఒకడు త్రవ్విన నూతిని పదుగురు లోతు చేయుటవంటిది చరిత్ర రచన.

సూయెల్ ఉద్యోగమునుండి విరమించిన పిదపను విశ్రాంతి గోరలేదు. పంచాంగ గణితమును గూర్చి తుది దినములవఱకు పనిచేయుచునే యుండెను. 1924వ సంవత్సరమున, తన డెబ్బది తొమ్మిదవ యేట, మన సిద్ధాంత గ్రంథములను గూర్చి యొక పుస్తకమును ప్రకటించెను. మఱుసటి యేట, 1925లో, మరణించెను. దక్షిణదేశపు చారిత్రక శాసనములను కాలక్రమమున గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము అప్పటికి అచ్చు కాలేదు. కృష్ణస్వామి అయ్యంగారు దానిని పరిష్కరింపగా, 1932వ సంవత్సరమున మద్రాసు విశ్వవిద్యాలయము వెలువరించెను. సూయెల్ లోపములను సరిదిద్దిన పండితుడే ఆయన కడపటి గ్రంథమునకు వెలుగు చూపుట విద్వాంసుల సంప్రదాయమున కొక చక్కని యుదాహరణము.

నేడు హంపి శిథిలములు ప్రపంచ వారసత్వ స్థలములలో నొకటి. 1986వ సంవత్సరమున వాని కా గౌరవము లభించెను. అచటికి బోవువారు పేస్ వర్ణించిన వీథు లెక్కడ, దిబ్బ లెక్కడ యని నేటికిని వెదకుచున్నారు.

విద్యార్థులారా! సూయెల్ జీవితమునుండి మనము గ్రహింపవలసిన దేమి? పుస్తకము చదువుట వేఱు. పరిశీలించి చదువుట వేఱు. అచ్చులో నున్న అంకె నెల్ల నిజమని నమ్మువాడు చదువరి కాడు. ఒక్క అంకె తప్పుగ నున్నదని గ్రంథము నంతటిని పాఱవేయువాడును చదువరి కాడు. ఒక మాటను మఱియొక మాటతో, గ్రంథమును ఱాతితో, ఱాతిని ఆకాశముతో సరిచూచి, సందేహము తీఱువఱకు నిలుచువాడే నిజమైన చదువరి. అట్టి చదువు చదువగోరు వారికి పరభాషలును మిత్రములే. మన పూర్వుల కథ మన భాషలో మాత్రమే యుండునను నియమము లేదు. అది లిస్బనులో నుండవచ్చును, పారిసులో నుండవచ్చును, ఇంకను ఎవ్వరును తెఱువని యే పెట్టెలోనో యుండవచ్చును. దానిని చదువుటకు మీలో కొందఱైనను పోర్చుగీసు, పారశీకము, డచ్చి వంటి భాషలను నేర్వవలెను. అట్లు నేర్చిన వారికి మన తెలుగును, మన పంచాంగమును, మన శాసనములును తోడుండవలెను. అప్పుడే పరులు వ్రాసిన మన చరిత్రను మనము సరిగ చదువగలము.